ఆ నిశ్శబ్దం ఎవరిది?

బి.ఎడ్. ఇంటర్న్‌షిప్‌లో భాగంగా ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో, తొమ్మిదో తరగతి గది చివర కూర్చొని కొన్ని వారాల పాటు పాఠాలను పరిశీలించాను. చేతిలో ఫ్లాండర్స్ పట్టిక. తరగతిలో జరిగే సంభాషణను అది 10 రకాలుగా విభజిస్తుంది. అందులో ఏడు ఉపాధ్యాయుడి మాటలు, రెండు విద్యార్థుల మాటలు, పదోది నిశ్శబ్దం. ప్రతి 3 సెకన్లకు ఒక అంకె వేయాలి.

ఆ అంకెల ప్రకారం తరగతి చురుకైనదే. కానీ జవాబు చెప్పింది ఎవరో రాసే చోటు పట్టికలో లేదు. అందుకే పక్కన బెంచీల వరుసలు గీసి గుర్తులు పెట్టాను. దాదాపు అన్నీ ముందు రెండు వరుసల్లోనే పడ్డాయి. వెనుక కూర్చున్నవారిలో ఎక్కువమంది ఊరి చివరి ఎస్సీ కాలనీ పిల్లలు. వారిని అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పలేదు. ఆరో తరగతి నుంచీ అంతేనన్నారు. సతారా బడిలో బాలుడైన అంబేడ్కర్ ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చోవలసి వచ్చింది. ఇక్కడ గోనెపట్టా లేదు, దూరం మాత్రం ఉంది.

ఆ వెనుక వరుసల్లో ఒక అమ్మాయి గణితం పీరియడ్‌లో చెయ్యెత్తేది. ఒకరోజు స్కాలర్‌షిప్ దరఖాస్తుల కోసం "ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి" అన్నారు ఉపాధ్యాయుడు. ఆయన గొంతులో ద్వేషం లేదు, గడువు తొందర ఉంది. తరగతి అంతా వెనక్కి తిరిగి చూసింది. తర్వాతి వారమంతా ఆ అమ్మాయి చెయ్యి లేవలేదు. స్కాలర్‌షిప్ హక్కు. దానిని అందరి ముందూ నిలబెట్టి ఇచ్చే దానంగా మార్చడమే అవమానం. వివరాలు బడి రిజిస్టర్‌లో ఉండగా ఆ పిల్లలను నిలబెట్టవలసిన అవసరమేమిటి?

తర్వాత నా వంతు వచ్చింది. నేను పాఠం చెబుతుండగా తోటి శిక్షణార్థి పరిశీలించింది. నేను అడిగిన 18 ప్రశ్నల్లో వెనుక వరుసలకు వెళ్లినవి రెండే. నేనూ అలాంటి కాలనీ నుంచే వచ్చాను. అయినా పాఠం ముగించే తొందరలో, జవాబు త్వరగా వచ్చే వైపే నా చూపు పోయింది. ఆ ఉపాధ్యాయుడి తొందరకూ నా తొందరకూ తేడా ఎక్కడుంది?

కులం తరగతి గదిలోకి దూషణగానే రానక్కరలేదు, అలవాటుగానూ వస్తుంది. శిక్షణ కళాశాలలు ఆ అలవాటును చూడడం నేర్పాలి. పరిశీలన పత్రంలో నిశ్శబ్దం పక్కన మరో గడి చేర్చాలి: ఆ నిశ్శబ్దం ఎవరిది, ఎప్పటి నుంచి?