గాలి లేవకముందే కప్పు బిగిద్దాం

కావలి తీరంలో శీతకాలమంటే తుపాన్ల కాలం. చేతిలో ఉన్న కొద్ది డబ్బును ఇంట్లో ముందుగా దేనికి ఖర్చు పెట్టాలి?

కావలిలో చలికి ఒక దుప్పటి సరిపోతుంది. ఇక్కడ ఇల్లు సిద్ధం కావాల్సింది గాలివానకు. రాష్ట్రంలో చాలా జిల్లాలు జూన్‌లో వచ్చే నైరుతి వానల మీద ఆధారపడితే, నెల్లూరు జిల్లాలో ఏడాది వర్షంలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యే పడుతుంది. ఆ వాన తెచ్చేవి ఈశాన్య రుతుపవనాలు. అవే రోజుల్లో బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడతాయి. కుటుంబం చేతిలో డబ్బు ఆడనిదీ అప్పుడే. దసరా, దీపావళి ఖర్చులు ఒకవైపు, వరి నాట్ల పెట్టుబడి మరోవైపు. సముద్రం అల్లకల్లోలమైతే తుమ్మలపెంట వంటి తీర గ్రామాల్లో వేట ఆగిపోతుంది, రాబడీ ఆగిపోతుంది.

అందుకే ఆ రోజుల కోసం చేసే పని ముందే జరగాలి, తక్కువలో జరగాలి, సరైన వరుసలో జరగాలి.

కావలి పేరు మోసిన తుపాను

1989 నవంబరు 4న ‘గే’ అనే తుపాను థాయిలాండ్‌లోని చుంఫోన్ ప్రాంతాన్ని ధ్వంసం చేసింది. సన్నని భూభాగాన్ని దాటి బంగాళాఖాతంలోకి వచ్చి, మళ్లీ బలం పుంజుకుంది. 8, 9 తేదీల మధ్య రాత్రి కావలి దగ్గర తీరం దాటేనాటికి గాలి వేగం గంటకు దాదాపు 230 కిలోమీటర్లని అంచనా. వాతావరణ శాస్త్రవేత్తలు దాన్ని నేటికీ ‘కావలి తుపాను’ అంటారు.

ఆ తర్వాతా తీరానికి ఊరట లేదు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నెల్లూరు తీరం వెంబడే సాగి 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇలాంటి రోజుల్లో పక్కా మిద్దెలో ఉన్నవాళ్లు కిటికీలు మూసుకుని కూర్చోగలరు. రేకుల కింద, తాటాకు కింద ఉన్నవాళ్ల రాత్రి వేరు. ఈ కథనం ముఖ్యంగా వాళ్ల కోసం.

గాలి ఇంటిని ఎలా విప్పుతుంది?

గాలి కప్పును తోసి పడేస్తుందని అనుకుంటాం. అసలు జరిగేది కప్పు పైకి లేవడం. కప్పు మీదుగా దూసుకుపోయే గాలి వల్ల పైన ఒత్తిడి పడిపోతుంది. అదే సమయంలో ఎదురుగాలి వైపు తలుపో కిటికీయో ఊడితే, లోపలికి చొరబడిన గాలి కింది నుంచి ఎత్తుతుంది. ఈ లాగుడు చూరు దగ్గర, మూలల్లో, నడికొప్పు మీద అన్నిటికంటే ఎక్కువ. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. మన తీరంలో ఇళ్లు కట్టేటప్పుడు సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్ల గాలిని లెక్కలోకి తీసుకోవాలని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. చిన్న ఇళ్లు తుపానును తట్టుకునేలా చేసే మార్గదర్శకాలు కూడా 2004 నుంచే ఉన్నాయి. అవి ఇంజినీర్ల బీరువాలు దాటి మేస్త్రీల చేతికి రావాలి.

ఈ సంగతి అర్థమైతే ఖర్చు వరుస దానంతటదే తేలుతుంది. కప్పును గోడకు, గోడను నేలకు కట్టిపడేసే పని మొదటిది. తలుపుల గడియలు, కీళ్లు రెండోది. కారడం ఆపడం మూడోది. గోడలకు రంగు ఆఖరిది. పండగకు సున్నం వేయాలన్న కోరిక మంచిదే, కానీ డబ్బు ఒక్కదానికే ఉంటే అది కప్పుకే పోవాలి.

ఏ ఇంటికి ఏ పని

పూరిల్లు: కుళ్లిన తాటాకు, పుచ్చిన వాసాలు మార్చాలి. నిట్టాడు నేలలో గట్టిగా నిలిచి ఉందో లేదో చూడాలి. ఆకు మీద పాత చేపల వల పరిచి, అంచుల్ని తాళ్లతో లాగి నేలలో లోతుగా దిగ్గొట్టిన గుంజలకు కట్టేస్తే ఆకు ఎగిరిపోదు. తీర గ్రామాల్లో పాత వలకు పైసా ఖర్చు ఉండదు.

పెంకుటిల్లు: పగిలినవి, జారినవి ముందు సర్దాలి. చూరు వెంబడి, కొప్పు మీద పెంకుల్ని సిమెంటు మాలుతో పట్టించాలి. మిగతా కప్పు మీద కూడా అక్కడక్కడా అడ్డంగా, నిలువుగా సిమెంటు పట్టీలు వేస్తే పెంకులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి.

రేకుల ఇల్లు: ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఇక్కడే. ఒక చివర వంపు తిరిగిన జె హుక్ పెద్ద గాలికి సాగి, విప్పుకుని వచ్చేస్తుంది. రెండు చివర్లా నట్టు బిగించే యు బోల్టు నిలబడుతుంది. అన్నీ మార్చే స్తోమత లేకపోతే చూరు వరుసలోనూ మూలల్లోనూ మారిస్తే చాలు, లాగుడు ఎక్కువ ఉండేది అక్కడే. తుప్పు పట్టిన వాషర్లు తీసి కొత్తవి వేస్తే కారడం కూడా తగ్గుతుంది. రేకుల మీద విడి రాళ్లు, ఇటుకలు పెట్టే అలవాటు మానాలి. గాలికి అవి పక్కింటివాళ్ల తలల మీద పడతాయి. సిమెంటు రేకు మీద నేరుగా కాలు పెడితే విరుగుతుంది, దూలాల మీదుగా పలక వేసుకుని నడవాలి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది కాబట్టి చిల్లు పెట్టేముందు తడపాలి, సన్నటి దుమ్మును ఆపే మాస్కు పెట్టుకోవాలి, గుడ్డ చాలదు.

మిద్దె: నీళ్లు దిగే గొట్టంలో చేరిన ఆకులు తీయడానికి రూపాయి ఖర్చు లేదు, స్లాబు కారడానికి తరచూ కారణం మాత్రం అదే. ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బడం వల్లే పెచ్చులు ఊడతాయి. పైపైన మాలు మెత్తితే మళ్లీ ఊడుతుంది. తుప్పును వైరు బ్రష్‌తో గీకి, తుప్పు ఆపే పూత వేశాకే మాలు పెట్టాలి.

ఖర్చు లేని పనులు

ఇంటి మీదికి వాలిన ఎండు కొమ్మలు, కొబ్బరి మట్టలు, ముదిరిన కాయలు దించాలి. మునగ కొమ్మ చిన్న గాలికే విరుగుతుంది. కరెంటు తీగల దగ్గరి కొమ్మల జోలికి మాత్రం మనం పోకూడదు, 1912కు ఫోన్ చేసి చెప్పాలి. మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకును నీళ్లతో నింపి, తాడుతో కట్టాలి. ఖాళీ ట్యాంకు ఎగిరిపోతుంది, నిండు ట్యాంకు నిలబడుతుంది, కరెంటు లేని రోజుల్లో ఆ నీళ్లే దిక్కు.

ఇంటి ముందు కాలువను పూడిక తీసి ఉంచాలి. బియ్యం, పప్పు, చింతపండు, ఊరగాయ, అటుకులు, బొరుగులు నాలుగు రోజులకు సరిపడా అటక మీద ఉండాలి. వాన వెలిశాక టైర్లలో, కుండీల్లో నిలిచిన నీటిని వారానికోసారి పారబోయాలి. డెంగీ దోమ పెరిగేది అందులోనే.

పది ఇళ్లు కలిస్తే

ఇంత చేసినా యు బోల్టులకు, సిమెంటుకు, మేస్త్రీ కూలికి డబ్బు కావాలి. దానికి దారి చూపిందీ ఈ జిల్లానే. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ ఉద్యమం వెంటే నెల్లూరు జిల్లాలో పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. రోజుకో రూపాయి దాచడం వాటి నియమం.

ఆ నియమాన్నే ఇంటి కప్పుకు మళ్లించుకోవచ్చు. ఉగాది నుంచి వినాయకచవితి దాకా దాదాపు ఐదు నెలలు. ఒక్కో ఇల్లు రోజుకు పది రూపాయలు పక్కన పెడితే 1500 అవుతుంది. పది ఇళ్లు కలిస్తే 15 వేలు. ఒకే మేస్త్రీని మాట్లాడుకోవచ్చు, తీగ చుట్ట, సిమెంటు బస్తాలు ఒకేసారి తెచ్చుకోవచ్చు, నిచ్చెన ఒకటి అందరికీ సరిపోతుంది. ఏ ఏడాది ఎవరి కప్పు ముందు బిగించాలో సంఘమే తేల్చుకుంటుంది. వృద్ధులు, ఒంటరి ఆడవాళ్లు ఉన్న ఇల్లు మొదటిది కావాలి. ఒక రేకు ఎగిరితే దెబ్బ తగిలేది పక్క ఇంటికే కాబట్టి ఇందులో దానధర్మాల మాట లేదు, ఇది అందరి రక్షణ.

వదిలి వెళ్లగలిగే ఇల్లు

ఎంత బిగించినా 1989 నాటి గాలికి రేకుల ఇల్లు నిలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. తీరం దాటే చోటుకు ఉత్తరాన గాలి సముద్రం వైపు నుంచి వీస్తుంది, ఉప్పెన ముంపు కూడా అటే ఎక్కువ. తుపాను కన్ను ఊరి మీదికి వస్తే గాలి ఒక్కసారిగా ఆగుతుంది. తెరిపిచ్చిందని బయటికి వచ్చినవాళ్ల మీదికి కాసేపట్లో ఎదురు దిక్కు నుంచి అంతే గాలి లేస్తుంది. అధికారులు వెళ్లమన్నప్పుడు తుపాను షెల్టరుకు వెళ్లాల్సిందే.

చాలామంది ఎందుకు కదలరో మనకు తెలుసు. మొండితనం వల్ల కాదు. ఇంట్లో ఉన్న కాస్త సామాను పోతుందన్న బెంగ, పశువుల మీద ప్రాణం, కాగితాలు తడుస్తాయన్న భయం వాళ్లను ఆపేస్తాయి. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి తలుపు పక్కనే ఉంటే, బియ్యం అటక మీద ఉంటే, మెయిన్ స్విచ్ కట్టేస్తే, పశువుల పలుపులు విప్పితే, కప్పు బిగించి ఉంటే ఆ బెంగ చాలావరకు దిగుతుంది. ఇల్లు సిద్ధం చేయడమంటే మనుషులు దాన్ని ధైర్యంగా వదిలి వెళ్లేలా చేయడం.

షెల్టర్లలో మరుగుదొడ్లు, తాగునీరు, ఆడవాళ్లకు మరుగు ఉన్నాయో లేదో పంచాయతీలు, పురపాలక సంఘం అక్టోబరుకు ముందే చూడాలి. కాలువల పూడిక కూడా అప్పుడే తీయించాలి. ఆ పని జరిగేలా అడగడం మన వంతు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు. ఈ వినాయకచవితికి పందిరి వేసే కుర్రాళ్లే మర్నాడు వీధిలో ఇంటింటి కప్పూ చూసి, ఏది ముందు బిగించాలో జాబితా రాస్తే, స్వాతి కార్తెకు ఆ వీధి సిద్ధంగా ఉంటుంది.