ఇంటిలో గణితము: చుక్క తెచ్చు చిక్కు

నిజాంసాగరు నీటితో వరియు చెరకును పండించు రుద్రూరు రైతునకు ఎకరమనగా 40 గుంటలనియు, గుంటయనగా 121 చదరపు గజములనియు చెప్ప నక్కరలేదు. అయినను అతని బిడ్డలు బడిలో వల్లించు దశాంశ భిన్నములకును, ఇంటిపెట్టెలోని పట్టాదారు పుస్తకమునకును గల సంబంధమును వారికి తెలుపువారు అరుదు.

పుస్తకమున 1.20 అని యున్నచో అది ఎకరము 20 గుంటలు, అనగా ఎకరమున్నర. బడిలెక్కలో ఎకరమున్నర 1.5 యగును. కోస్తా జిల్లాలలో ఎకరమునకు 100 సెంట్లు గనుక అచ్చటి 1.20 నిజమైన దశాంశమే. చుక్క యొక్కటే, అర్థములు రెండు!

1.20, 2.30 గల రెండు చేలను కలుపుమని బిడ్డ నడుగుడు. 3.50 అని వ్రాసి మూడున్నర ఎకరము లన్నచో 30 గుంటల నేల నష్టమైనట్లే. సరియైన మొత్తము 4 ఎకరముల 10 గుంటలు, దశాంశమున 4.25.

రాత్రి భోజనానంతరము పావుగంట చాలును. రొట్టెను నాలుగు పాళ్లు చేయించి, ఒక పాలు పావు, 10 గుంటలు, 0.25 అనియు, మూడు పాళ్లు ముప్పావు, 30 గుంటలు, 0.75 అనియు చూపుడు. గుంటలను 40చే భాగించిన దశాంశము వచ్చునని పిమ్మట వారే కనుగొందురు. తప్పినచో గద్దింపక మరల కొలిపింపుడు.

1957 ఏప్రిల్ 1న 16 అణాల రూపాయి 100 నయాపైసలు కాగా మన పెద్దలు సంతలోనే ఆ లెక్క నేర్చిరి. పావులూరి మల్లన గణితమును తెనుగు పద్యములలో చెప్పిన భాష మనది. కుమారునితోపాటు కుమార్తెకును ఈ లెక్క నేర్పుడు. ఆస్తిలో ఆమెకును భాగమున్నది. పరుల లెక్కకు వ్రేలిముద్ర వేయువానికి స్వరాజ్యఫల మెట్లు దక్కును?