అంకెలలో మన అక్షరాలు

ఒకప్పుడు తెలుగు పుస్తకం అచ్చు కావాలంటే సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి వరుసగా పేర్చేవారు. గుణింతాలకూ ఒత్తులకూ వేరువేరు అచ్చులు కావలసి ఉండటం వల్ల తెలుగు కూర్పు ఇంగ్లీషు కూర్పు కంటే ఎంతో శ్రమతో కూడిన పని. నేడు ఆ పనిని కంప్యూటరు చేస్తున్నది. అయితే కంప్యూటరుకు అక్షరం తెలియదు. దానికి తెలిసినది అంకె ఒక్కటే. అందుచేత ప్రతి అక్షరానికీ ఒక సంఖ్యను కేటాయించవలసి వచ్చింది.

మొదట్లో ఎవరికి తోచిన సంఖ్యలు వారు ఇచ్చుకున్నారు. ఒక కంప్యూటరులో వ్రాసిన ఉత్తరాన్ని మరొకదానిలో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనిపించేవి. ఈ చిక్కు తీరడానికి ప్రపంచంలోని లిపులన్నింటికీ ఒకే పట్టిక ఉండాలనే ఆలోచన పుట్టింది. అదే యూనికోడ్. 1991లో వెలువడిన తొలి పట్టికలోనే తెలుగుకు చోటు దక్కింది.

ఈ పట్టికలో ఒక విశేషం చూడండి. తెలుగు 'క' సంఖ్య 3093. కన్నడ 'క' 3221. తేడా 128. తమిళ 'క' 2965. ఇక్కడా తేడా 128. ఒడియాకు రెండు 128లు, మరాఠీ వ్రాసే దేవనాగరికి ఆరు 128లు తేడా! ఇది యాదృచ్ఛికం కాదు. మన దేశంలో అంతకు ముందే తయారైన ఒక ప్రమాణంలో, ఏ లిపిదైనా ఒకే ధ్వనికి ఒకే స్థానం ఇచ్చారు. యూనికోడ్ ఆ వరుసనే స్వీకరించింది.

దీనివల్ల ప్రయోజనమేమిటి? ఇంట్లో తెలుగు మాట్లాడుతూ కన్నడ లిపి మాత్రమే చదవగలవారు కర్ణాటకలో ఎందరో ఉన్నారు. తెలుగు ఉత్తరంలోని అక్షరాల సంఖ్యలకు 128 చొప్పున కలిపితే అదే ఉత్తరం దాదాపు పూర్తిగా కన్నడ లిపిలో కనిపిస్తుంది. భాష మాత్రం తెలుగే! తమిళంలో ఇది అంత సులభం కాదు. ఖ, గ, ఘలకు ఆ లిపిలో వేరు అక్షరాలు లేవు కనుక ఆ స్థానాలు ఖాళీగా ఉన్నాయి.

సంయుక్తాక్షరాల సంగతి వేరు. 'క్ష'కు ప్రత్యేక సంఖ్య లేదు. క (3093), పొల్లు (3149), ష (3127) వరుసగా వస్తే యంత్రమే వాటిని కలిపి చూపాలి. ఈ కూర్పు ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో తెలిసివచ్చింది. 'జ్ఞ'తో కూడిన ఒక కూర్పు సందేశంగా వస్తే చాలు, ఐఫోన్లలో ఆ సందేశాలు తెరిచే సాధనమే మూతపడిపోయేది. కొద్ది రోజులలోనే ఆ లోపాన్ని సరిదిద్దారు.

ఇప్పుడు వ్రాత నుండి మాటకు సాగుతున్నారు. నోటితో చెబితే వ్రాసిపెట్టే, ఒక భాష నుండి మరొక భాషలోకి మార్చే యంత్రాలు వస్తున్నాయి. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన 'భాషిణి' ఈ కోవలోనిదే. అయితే యంత్రం విన్న మాటల నుండే నేర్చుకుంటుంది. వార్తలు చదివేవారి తెలుగే విన్న యంత్రానికి హోసూరులోని అవ్వ పలుకుబడి కొత్తగా తోస్తుంది. ఆమె చెప్పినదానిని తప్పుగా వ్రాస్తుంది. ఆమెవంటి వారి మాటలను రికార్డు చేసి, ఆ మాట తెలిసినవారు దానిని ఉన్నది ఉన్నట్లు వ్రాసి యంత్రానికి అందించాలి. ఆ పని ఆ ఊరివారు తప్ప వేరెవ్వరూ సరిగా చేయలేరు.