మీకు తెలుసా? ఆఫ్రికా వేట పుస్తకం అచ్చయింది బొంబాయిలో!

దక్షిణాఫ్రికా వేటపై విలియం కార్న్‌వాలిస్ హారిస్ రాసిన మొదటి పుస్తకం 1838లో బొంబాయిలో వెలువడింది. ఆయన ఈస్టిండియా కంపెనీ బొంబాయి సైన్యంలో ఇంజినీరు. జబ్బుపడి, సెలవు మీద 1836లో దక్షిణాఫ్రికాలోని కేప్‌కి వెళ్లి, ఎడ్లబండ్లు కట్టించుకుని, అక్కడి రాజు మ్జిలికాజి అనుమతితో లోపలి ప్రాంతాల్లో వేటాడాడు. నల్లటి ఒళ్లు, వెనక్కి కత్తిలా వంగిన కొమ్ములుండే సేబుల్ జింకను శాస్త్రలోకానికి పరిచయం చేసింది ఆయనే.

సేకర్తలు ప్రాణం పెట్టేది మాత్రం 1840లో లండన్‌లో వెలువడటం మొదలైన ఆయన పెద్ద బొమ్మల పుస్తకం మీద. అందులో 30 రంగుల బొమ్మలున్నాయి. రాతి మీద గీసి అచ్చువేశాక ఒక్కోదానికీ చేత్తో రంగులద్దారు. అంత శ్రమపడి చేసిన పుస్తకాల్లోంచి బొమ్మలు కోసి, ఫ్రేములు కట్టి అమ్ముకున్నవాళ్లున్నారు. నిజంగా అన్యాయం! అందుకే కొనేవాళ్లు ముందు బొమ్మలు లెక్కపెడతారు, తర్వాతే కాగితం మీది గోధుమరంగు మచ్చలు, బైండింగు చూస్తారు.

ఆ బొమ్మల్లో క్వాగా కూడా ఉంది. తల, మెడ మీద చారలుండి, వెనక భాగం గోధుమరంగులో ఉండే జీబ్రా అది. హారిస్ దాన్ని మందలుగా చూశాడు. చివరి క్వాగా 1883లో ఆమ్‌స్టర్‌డామ్ జూలో చనిపోయింది.