బదరీవృక్షము క్రింద మన పిల్లలు



మార్చి నెల వచ్చిందంటే మన సంఘాల్లో పరీక్షల ప్రార్థన ఉంటుంది. పదవ తరగతి పిల్లలు హాల్ టికెట్లు, పెన్నులు చేతపట్టుకొని ముందుకు వస్తారు. కాపరి వారి తలల మీద చేతులుంచి ప్రార్థిస్తాడు. ఫలితాలు వచ్చాక మరో ఆదివారం, ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవారిని పిలిచి బహుమానాలిస్తాము. సంఘమంతా చప్పట్లు కొడుతుంది. నేనూ చాలా ఏండ్లు ఇలాగే చేశాను.

ఒక సంవత్సరం ఆ చప్పట్ల మధ్య ఒక తల్లి తల వంచుకొని కూర్చోవడం చూశాను. ఆమె కుమార్తె కూడా మార్చిలో హాల్ టికెట్ పట్టుకొని ముందుకు వచ్చినదే. గణితం తప్పింది. ఆ రోజు ఆరాధనకు రాలేదు. సాయంత్రం వారింటికి వెళ్లాను. ఆ అమ్మాయి తలుపు చాటున నిలబడి ఒకే మాట అడిగింది: "నా కోసం చేసిన ప్రార్థన దేవుడు వినలేదా అయ్యగారూ?"

సెమినరీలో చదివిన వేదాంతమేదీ ఆ క్షణాన నోటికి రాలేదు. ఎందుకంటే ఆ ప్రశ్నను ఆమెలో పుట్టించింది మేమే. మార్కులు వచ్చినవారినే దేవుడు దీవించాడన్నట్లు మేము ప్రవర్తించాము.

ఇది చిన్న విషయం కాదు. 2022 సంవత్సరంలో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు తమ ప్రాణాలు తామే తీసుకున్నారని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. ప్రతి మరణానికీ కారణం ఒక్కటే ఉండదు. అయినా పరీక్షల భయం, ఇంట్లో నిందలు, ఎవరితోనూ చెప్పుకోలేని ఒంటరితనం మనం తగ్గించగలిగినవే.

ప్రవక్తయైన ఏలీయాను జ్ఞాపకం చేసుకోండి. కర్మెలు మీద గొప్ప జయం పొందినవాడే, కొద్ది కాలానికే బదరీవృక్షము క్రింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవుడు అతణ్ణి "నీకు విశ్వాసం లేదా?" అని గద్దించలేదు. ముందు నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తరువాత అతని మొర విన్నాడు. చివరికి చేయవలసిన పని చూపించి, ఎలీషాను తోడుగా ఇచ్చాడు. మన పిల్లల విషయంలో కూడా ఈ వరుసనే అనుసరిద్దాము.

మొదటిది, నిద్ర, ఆహారం. పదమూడు నుండి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. రాత్రి పదకొండు వరకు చదివించి తెల్లవారుజామున నాలుగింటికి లేపితే దక్కేది ఐదు గంటలే. నిద్ర చాలని పిల్లవానికి చదివింది గుర్తుండదు, కోపం, దిగులు పెరుగుతాయి. కాబట్టి నిద్రపోతున్న బిడ్డను సోమరి అనకండి.

రెండవది, వినడం. ఇష్టంగా ఆడుకునే పిల్లవాడు రెండు వారాలుగా ఎవరితోనూ కలవడం లేదా? తిండి తగ్గిందా? "నేను లేకపోతే మీకే బాగుంటుంది" అంటున్నాడా? దగ్గర కూర్చోబెట్టుకొని సూటిగా అడగండి: "నాన్నా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా?" అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. పైగా గుండె బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరులో రాత్రింబగళ్లు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. కాపరులారా, ప్రార్థన చేయండి, వైద్యుని దగ్గరకు కూడా పంపండి. జ్వరానికి మందు వేయించి ప్రార్థించే మనము మనసు జబ్బుకు ఎందుకు సిగ్గుపడాలి?

మూడవది, ముందు దారి చూపడం, తోడు నిలవడం. పదవ తరగతి తప్పినవారికి అదే సంవత్సరం సప్లిమెంటరీ పరీక్షలు ఉంటాయి. అందులో ఉత్తీర్ణులైతే ఏడాది పోదు. ఆ తరువాత ఇంటర్ ఒక్కటే కాదు, పాలిటెక్నిక్, ఐటిఐ ఉన్నాయి. బడికి పోలేనివారికి ఓపెన్ స్కూలు ఉంది. ఈ సంగతి ఫలితాల రోజున కాదు, పరీక్షలకు ముందే బిడ్డకు చెప్పండి.

బడికి కూడా బాధ్యత ఉంది. విశాఖపట్నంలో వైద్య ప్రవేశ పరీక్షకు చదువుతున్న ఒక విద్యార్థిని మరణించిన కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. నూరుమంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సిలర్ ఒకరైనా ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను సెక్షన్లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం సాధ్యమైనంతవరకు మానాలి. తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు "మా బడిలో కౌన్సిలర్ ఎవరండీ?" అని మర్యాదగా అడగండి. మన సంఘాల్లో ఉపాధ్యాయులు ఎందరో ఉన్నారు. అయ్యా, అమ్మా, మీ తరగతిలో చివరి బెంచీ బిడ్డను ఈ వారం ఒక్కసారి పేరు పెట్టి పలకరించండి.

ఆ అమ్మాయికి మా సంఘంలోని రిటైర్డ్ మాస్టారు సాయంత్రాలు లెక్కలు చెప్పారు. సప్లిమెంటరీలో ఉత్తీర్ణురాలైంది. అయితే ఆమె ప్రశ్నకు జవాబు అది కాదు. మళ్లీ తప్పినా జవాబు మారదు. "దేవుడు విన్నాడమ్మా. మార్కులు రాని రోజున కూడా నీవు ఆయన బిడ్డవే. ఆ మాట ఆదివారం చెప్పవలసినవాణ్ణి నేను, చెప్పలేదు. నన్ను క్షమించు" అన్నాను.

ఆ తరువాతి సంవత్సరం నుండి మా సంఘంలో ఫలితాల ఆదివారం, పరీక్ష రాసిన ప్రతి బిడ్డనూ ముందుకు పిలుస్తున్నాము. మార్కులు చదవము, పేర్లు చదువుతాము. మీ సంఘంలోనూ ఆ ఆదివారం ఎవరు రాలేదో చూడండి. సాయంత్రం వారింటికి వెళ్లండి.

ప్రభువు మన బిడ్డలను కాపాడును గాక. ఆమేన్.