దోశ అంటుకుంటోందా.. తుప్పు పట్టిందా? ఇనుప పెనం పారేయకండి, ఇలా చేస్తే మళ్లీ దారికొస్తుంది!

నాన్‌స్టిక్ వద్దనుకుని చాలామంది మళ్లీ పోత ఇనుము పెనం కొంటున్నారు. తీరా మొదటి దోశ అంటుకుపోతుంది. రెండోది ముక్కలవుతుంది. నాలుగు రోజులకు తుప్పు కనిపిస్తుంది. అంతే.. పెనం అటకెక్కుతుంది. నిజానికి లోపం పెనంలో లేదు. దాని మీద ఉండాల్సిన నూనె పొర ఇంకా ఏర్పడలేదు.

ఏంటీ పొర?
నూనెను పలుచగా రాసి పొగ వచ్చేదాకా వేడి చేస్తే అది గట్టిపడి ఇనుముకు పట్టేస్తుంది. దీన్నే సీజనింగ్ అంటారు. దోశ అంటకుండా చూసేది ఇదే.. తుప్పును ఆపేదీ ఇదే. ఏళ్ల తరబడి వాడిన అమ్మమ్మల పెనాలు నల్లగా నిగనిగలాడేది అందుకే.

తుప్పు పడితే ఏం చేయాలి?
* స్టీల్ పీచుతో తుప్పు పోయేలా రుద్ది కడగాలి.
* వెంటనే తుడిచి, స్టవ్ మీద పెట్టి తడి పూర్తిగా ఆరనివ్వాలి.
* నాలుగు చుక్కల నూనె అంతటా రాసి, పొడిబట్టతో తుడిచేయాలి. నూనె ఎక్కువైతే పొర గట్టిపడదు, జిగురుగా మిగిలిపోతుంది.
* కిటికీలు తెరిచి, పొగ వచ్చి తగ్గేదాకా వేడి చేసి చల్లారనివ్వాలి. ఇలా మూడు నాలుగు సార్లు చేయాలి.

రోజూ ఈ జాగ్రత్తలు
సబ్బు అసలు తగలకూడదనేది అపోహే. గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం వాడినా పర్లేదు. కానీ సింక్‌లో నానబెట్టొద్దు. వేడి పెనం మీద చన్నీళ్లు పోయొద్దు.. పోత ఇనుము పగిలిపోవచ్చు. కడిగాక ఆరబెట్టి, చుక్క నూనె రాసి పెట్టండి.

చింతపండు పులుసు, టమాటా కూరలు ఇనుప బాండీలో ఎక్కువసేపు మరిగించొద్దు. పులుపు ఆ పొరను తినేస్తుంది. కూర నల్లబడి ఇనుము రుచి వస్తుంది. ఏ కూరైనా వండగానే వేరే గిన్నెలోకి మార్చేయండి.

రక్తహీనత తగ్గుతుందా?
2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇనుప పాత్రలో వండితే ఆహారంలోకి కొంత ఐరన్ చేరే మాట నిజమే. అయితే ఎంత చేరుతుందనేది వంటను బట్టి మారుతుంది. అందుకే పెనం ఉంది కదా అని డాక్టర్ ఇచ్చిన ఐరన్ మాత్రలు మానేయొద్దు. తలసీమియా ఉన్నవాళ్లు, ఒంట్లో ఐరన్ ఎక్కువగా ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే ఇనుప పాత్రలు వాడాలి.

కొత్త పెనం మీద మొదటి రోజుల్లో ఉల్లిపాయ ముక్కను నూనెలో ముంచి రుద్ది దోశ వేయండి. వాడేకొద్దీ పొర పెరుగుతుంది.. దోశ దానంతటదే ఊడొస్తుంది.