రూపమొకటి – సామర్థ్యం వేరు

నేటి ల్యాప్‌టాప్‌లలో పలురకాల పోర్టుల స్థానాన్ని యూఎస్‌బీ-సీ ఆక్రమించడంతో హబ్, డాక్ అనే అనుబంధ పరికరాల అవసరం పెరిగింది. అయితే తెల్లనివన్నీ పాలు కావు. 2014లో వెలువడిన యూఎస్‌బీ-సీ ప్రమాణం పోర్టుల ఆకృతిని ఏకం చేసిందే గాని, వాటి సామర్థ్యాన్ని ఏకం చేయలేదు. కొన్ని పోర్టులు సమాచారాన్ని మాత్రమే చేరవేస్తాయి. మరికొన్ని దృశ్యాన్నీ, విద్యుత్తునూ మోస్తాయి. దృశ్యాన్ని పంపలేని పోర్టుకు సాధారణ హబ్‌ను తగిలిస్తే, అందులోని హెచ్‌డీఎంఐ పోర్టు అలంకారప్రాయమే. అందువల్ల కొనేముందు ల్యాప్‌టాప్ వివరపత్రాన్ని పరిశీలించాలి.

ప్రయాణాలకు తేలికైన హబ్ అనువైనది. ఒకేచోట కూర్చొని పనిచేసేవారికి సొంత విద్యుత్ సరఫరా గల డాక్ మేలు. 65 వాట్లు కోరే ల్యాప్‌టాప్‌కు 45 వాట్లు మాత్రమే అందించే డాక్‌ను జతచేస్తే, పనిభారం పెరిగినప్పుడు బ్యాటరీ తరిగిపోవచ్చు. పోర్టు శక్తినెరిగి, అవసరానికి తగినదానిని ఎంచుకొనడమే వివేకం.